గాలిమరలు – పక్షులు : లెక్కలోని లోపము

గాలిమరల వలన పక్షులకు హాని కలుగునని ఎవరైన అనగానే ఒక సమాధానము వినవచ్చును: "పిల్లులకు చిక్కి, అద్దాల మేడలకు తగిలి చచ్చు పక్షులతో పోల్చినచో గాలిమరలకు బలియగునవి ఎన్ని?" అమెరికా దేశమున వేసిన అంచనాలు ఈ మాటను బలపరచుచున్నవి. అంకెలు సరియే, వాని నుండి తీసిన ఫలితార్థము మాత్రము సరికాదు.

ఇందు మొదటి లోపము, అన్ని పక్షులను ఒకే గాట కట్టుట. పిచ్చుక ఏటా పలుమార్లు గుడ్లు పెట్టును; తగ్గిన సంఖ్య త్వరలోనే పూడును. బట్టమేక పక్షి సంగతి వేరు. అది సాధారణముగా ఏటికి ఒకే గుడ్డు, అదియు నేలమీద, పెట్టును. దేశమంతటను స్వేచ్ఛగా తిరుగునవి 150కి మించవని అంచనా. నేటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడులో దీని కొరకు 1988లో అభయారణ్యము ఏర్పరచిరి. ఇటీవల అచ్చటనే దాని దర్శనము మిక్కిలి అరుదైనది. లక్ష పక్షులలో 15 పోవుటయు, 150లో 15 పోవుటయు ఒకటి కాదు. కావున ఎన్ని చచ్చినవను ప్రశ్న చాలదు. ఏవి చచ్చినవో అడుగవలెను.

రెండవ లోపము, కళేబరములనే లెక్కించుట. మహారాష్ట్రలో సాతారా సమీపమున చాల్కేవాడి పీఠభూమిపై జరిగిన పరిశోధన 2018లో వెలువడినది. మరలున్న చోట వేటాడు పక్షులు, మరలు లేని చోటి కంటె దాదాపు నాలుగవ వంతే కనిపించినవి. వాని బెడద తగ్గుటచే తొండలు పెరిగినవి. అనగా చచ్చిన పక్షుల లెక్కలోనికి రాని మార్పు కూడ జరుగుచున్నది.

సముద్రముపై ఈ చిక్కు మరింత హెచ్చు. పడిన పక్షి అలల పాలగును. డెన్మార్కులోని న్యూస్టెడ్ వద్ద రాడారుతో పరిశీలింపగా, వలస బాతులలో నూటికి ఒకటి కంటె తక్కువే మరలకు ప్రమాదకరమైనంత దగ్గరగా పోయినవని 2005లో తేలినది. ఇది సంతోషకరమే. కాని ఉత్తర సముద్రమున ఎర్రగొంతు లూన్ పక్షులు మరలకు జడిసి మేత తావులనే విడుచుచున్నవని తరువాతి పరిశీలనలు తెలిపినవి. ఢీకొనకుండుట వేరు, హాని లేకుండుట వేరు. 2015లో సముద్రపు గాలి విద్యుత్తుకు జాతీయ విధానమును ప్రకటించిన మన దేశము ఈ భేదమును గమనింపవలెను.

ఎదుటి పక్షము వాదములోను లోపమున్నది. ప్రతి క్షీణతకు గాలిమరయే కారణమనుట తగదు. బట్టమేకకు పచ్చిక బయళ్లు సాగులోనికి పోవుటయు పెద్ద దెబ్బయే. రాజస్థానమున దానికి ముప్పు తెచ్చినవి మరల కంటె విద్యుత్తు తీగలు. బరువైన ఆ పక్షికి ఎదుటి చూపు తక్కువ. తీగ కనబడునప్పటికి తప్పుకొనలేదు. 2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు తీగలను భూమిలో వేయుమన్నది. ఖర్చు, సాంకేతిక కష్టములు ఎదురుకాగా 2024 మార్చి 21న ఆ ఉత్తరువును సవరించి నిపుణుల సంఘమునకు అప్పగించినది. తీగలు లాగిన పిదప ఆలోచించుట ఎంత కష్టమో ఇది చూపుచున్నది.

బొగ్గు పొగ తగ్గవలెనన్న గాలి విద్యుత్తు కావలసినదే. అయితే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన, ముందస్తు అనుమతి పొందవలసిన పరిశ్రమల పట్టికలో దీనిని చేర్చలేదు. అసలు దిద్దవలసినది ఇచ్చటనే. మర నిలుపక ముందే, అన్ని ఋతువులలోను ఆ తావున ఏ పక్షులు తిరుగునో, ఎంత ఎత్తున ఎగురునో లెక్క తీయవలెను. గాలి వీచు చోట్లు అనేకము గలవు. పక్షులకు అత్యవసరమైన కొద్ది చోట్లను విడిచి, మిగిలిన వానిని ఎంచుకొనుట ఇంజనీర్లకు అసాధ్యమైన పని కాదు.