సైదులు పేరు వెనక కులం

జాన్‌పహాడ్ ఉర్సు జనవరిలో రాంగనే పత్రికలన్నీ ‘మత సామరస్యానికి ప్రతీక’ అని రాస్తయి. మాకు ఈ మాటతోనే పేచీ. పాలకీడు మండలంలోని ఆ దర్గాకు హిందువులూ వస్తారు, నిజమే. ఆ ‘హిందువులు’ ఎవరు? మాదిగలా, మాలలా, గొల్లలా, రెడ్లా? కులం అడక్కుండా సామరస్యం లెక్కగట్టడం అగ్రకుల రాతలకు అలవాటే.

జనం చెప్పుకునే కథలో ఆయన పోరులో ప్రాణమిచ్చిన వీరుడు, వలీ. జాన్‌పాక్ షహీద్ అన్న పేరే ఆ సంగతి చెప్తది. చరిత్ర రాసేవాళ్లు ఆయన వెనక రాజును వెతుకుతారు. మేము మాత్రం ఓటర్ల లిస్టు చూడమంటాం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఎందరు సైదులు, ఎందరు సైదమ్మలు! మొక్కుకున్నంక పుట్టిన పిల్లలకు పెట్టుకున్న పేర్లివి. 2016లో మిర్యాలగూడ నల్లగొండలో ఉండిపోయి, తక్కిన రెండూ సూర్యాపేట జిల్లాలోకి పోయినా పేరుకు హద్దు పడలేదు. కానీ రెడ్ల ఇంట్ల ఆ పేరే సైదిరెడ్డి అయితది. వలీ పేరు పెట్టుకున్నా కులం తోక ఊడలేదు.

కందూరు సంగతి ఇంకా గట్టిది. యాటను కోసి, ఫాతెహా ఇప్పించి, వచ్చినోళ్లకు అన్నం పెడతారు. దళితుల కందూరులో ఊరి పెద్దకులాల నుంచి ఎవరెవరు కూసుని తిన్నరు? సామరస్యం గురించి మేం చదివిన రాతల్లో ఈ ప్రశ్న ఒక్కచోట కూడా లేదు.