పారిజాతాల కింద దుప్పటి

ఈ వారం మా కోడలి మీద కోపం వచ్చింది. పొద్దున్నే, ఇంకా సరిగా తెల్లవారకముందే, సజ్జ పట్టుకుని పెరట్లోకి వెళ్తే పారిజాతం చెట్టు కింద నేల కనిపించలేదు. రాత్రి పడుకోబోయే ముందే పాత దుప్పటి పరిచి, ఎగిరిపోకుండా నాలుగు కొసలా ఇటుకలు పెట్టింది. "మీ నడుం నొప్పికి వంగక్కర్లేదు కదా మామయ్యా, పూలకీ మట్టి అంటదు" అంది. దుప్పటి నాలుగు చెంగులూ కలిపి ఎత్తి, పూలన్నీ పళ్లెంలోకి ఒంపేసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఖాళీ సజ్జతో నిలబడిపోయాను.

ఈ కాలమ్ పాత పాఠకులకు మా పారిజాతం కొత్త కాదు. భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చే రోజుల్లో ఒక వారం దానికే పోతుందని వాళ్లకు తెలుసు. చెట్టుని ఊపొద్దు, పూలు ప్లాస్టిక్ కవర్లో వేయొద్దు, ఒక్కొక్కటిగా ఏరుకోవాలి అని ఎన్నిసార్లు రాశానో. మొన్నటిదాకా అదే అన్నాను. ఈ పువ్వు సాయంత్రం చీకటి పడేవేళ విచ్చుకుంటుంది. రాత్రి తిరిగే చిమ్మటల కోసమే ఆ తెలుపు, ఆ వాసన. తెల్లవారేసరికి దాని పని అయిపోతుంది, రాలిపోతుంది. నేల రాలిన పువ్వు దేవుడికి పనికిరాదంటారు గానీ, ఈ ఒక్కదానికి ఆ నియమం లేదు. రాలినవే ఏరి పెడతాం.

ఏరడంలోనే ఉంది సుఖమంతా. వానలు వెనకబట్టి, తుపాన్ల కబుర్లు ఇంకా మొదలవని ఈ కొద్ది రోజుల్లో మన గాలికి ఏడాది మొత్తంలో లేని తేలిక వస్తుంది. ఉక్క ఉండదు, వణుకూ ఉండదు. పువ్వుని తొడిమ దగ్గర రెండు వేళ్లతో పట్టి ఎత్తితే రేకుల మీది మంచు అరచేతిలోకి జారుతుంది. రేకులు ఒక పువ్వుకి ఐదుంటే పక్కదానికి ఏడు. కొన్ని బోర్లా పడి కాషాయం కాడ పైకి చూపిస్తాయి, కొన్ని వెల్లకిలా పడతాయి. కాసేపు ఏరేసరికి వేళ్ల కొసలు పసుపెక్కుతాయి. ఈ కాడలతో పూర్వం పట్టుకి రంగు అద్దేవారు. కుంకుమపువ్వుకి రంగునిచ్చే క్రోసెటిన్ అనే పదార్థమే దీనిలోనూ ఉంది. బెంగాల్‌లో ఈ పూలు రాలడం మొదలైతే దుర్గపూజ దగ్గరపడిందని లెక్క. అక్కడ ఇది రాష్ట్ర పుష్పం కూడా. మనకు సత్యభామ పంతం ఉంది, దాన్ని కావ్యం చేసిన నంది తిమ్మన ఉన్నాడు. చెట్టు సత్యభామ పెరట్లో నాటితే పూలు రుక్మిణి పెరట్లో రాలాయన్న కథ ఏ అమ్మమ్మనడిగినా చెబుతుంది.

దుప్పటి చూసి వచ్చిన కోపం రెండు రోజులున్నాక మా మేనత్త గుర్తొచ్చింది.

ఆవిడది గోదావరి లంకల్లో ఊరు. దసరా సెలవులకు పిల్లలమంతా అక్కడికే చేరేవాళ్లం. ఒక ఏడు అత్తయ్య లక్ష పారిజాతాల పూజ మొక్కుకుంది. ఒక్క చెట్టు, ఒక్క రోజుతో అయ్యేది కాదు. కొన్నాళ్లపాటు రోజూ ఏరడం, లెక్కపెట్టడం, దేవుడికి పెట్టడం. లెక్క మా పని. అరటాకు మీద పూలని నూరేసి చొప్పున కుప్ప పోసి, కుప్పకొక చింతపిక్క పక్కన పెట్టేవాళ్లం. పది పిక్కలైతే గోడ మీద బొగ్గుతో గీత. ఏరడం మాత్రం ఆవిడదే. ఆ ఇంట్లో తెల్లవారుజాము అంటే పేడ తీయడం, కళ్లాపి, ముగ్గు, కాగు కింద మంట, పాలు, పొలానికి వెళ్లేవాళ్లకు చద్దన్నం. వీటి మధ్య దొరికిన సందులో పరుగున వచ్చి నాలుగు గుప్పిళ్లు ఏరి, మళ్లీ పరుగున వెళ్లేది. సగం పూలు ఎండకు వాడిపోయేవి.

ఒక రాత్రి ఆవిడ పాత నేతచీర తెచ్చి చెట్టు కింద పరిచింది. పొద్దున్నే వాళ్లత్తగారు చూసి, "పువ్వుని వంగి ఏరుకోవాలి గానీ, చేపల్లా వలేసి పడతారటే?" అంది. "వంగడానికి నాకు బోలెడు పనులున్నాయి అత్తయ్యా" అని మాత్రం చెప్పి, చీర ఎత్తి పూలు మా ముందు పోసింది మేనత్త. తర్వాత చేసింది నాకు బాగా గుర్తుంది. గ్లాసుతో కాఫీ తెచ్చుకుని వీధరుగు మీద కూర్చుంది. ఎదురుగా కాలవ, అవతల వరి చేను. చేను పొట్ట మీద ఉంది, అక్కడక్కడ ఈనుతోంది. ఆకుల చివర్ల మధ్య సాలీడు అల్లిన గూళ్లు మంచుతో బరువెక్కి కనబడుతున్నాయి. ఒక కాటుకపిట్ట తోక ఆడిస్తూ గట్టు మీద తిరుగుతోంది. "చేను వాసన వస్తోంది, చూశావురా?" అంది. కాఫీ వేడిగా ఉండగానే తాగేసింది. ఆవిడ పొద్దుటిపూట కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

శరత్కాలపు ఉదయం ఎంత ప్రశాంతమో రాసేవాళ్లం, నాతో సహా, చాలామందిమి పొయ్యి ముట్టించి రాసినవాళ్లం కాదు. మా ఏకాంతం వెనక ఎవరో ముందే లేచి ఉంటారు. ఒక్కో పువ్వూ వంగి ఏరుకునే తీరుబడి వాళ్లకి ఎవరిస్తారు? మా కోడలికి ఏడింటికల్లా పిల్లవాడి క్యారేజీ కట్టాలి, ఎనిమిదింటికి తనూ బయల్దేరాలి. దుప్పటి పరిస్తే ఆమెకు పదిహేను నిమిషాలు మిగులుతాయి. ఆ పదిహేను నిమిషాలూ పెరటి మెట్టు మీద కూర్చుంటోందని ఈ వారమే గమనించాను. పూలు దోసిట్లో పోసుకుని వాసన చూస్తోంది. ఆ ఉదయానికి నా ఏరుడుకంటే ఏం తక్కువ? ఇంట్లో ఒకరికైనా అలా కూర్చునే వీలు కలిగించే పద్ధతే మంచి పద్ధతి. ఇప్పుడు రాత్రిళ్లు ఇటుకలు నేనే సర్దుతున్నాను, పొద్దున కాఫీ కూడా నేనే కలుపుతున్నాను. క్రోటన్ ఆకుల్లో, గోడ మీద చిక్కుకున్న పూలు సజ్జలో వేసుకోవడానికి నాకు చాలు.

పరిచేవాళ్లు నూలు దుప్పటి పరవండి. నైలాన్‌ది అయితే మంచు నీళ్లు నిలిచి పూలు మెత్తబడిపోతాయి. ఎండ తగలకముందే ఎత్తేయాలి.

మొక్క ఎలా పెంచాలని కొందరు ఉత్తరాలు రాశారు. పూలయ్యాక చదునుగా, గుండ్రంగా కాయలు కాస్తాయి. ఎండి గోధుమరంగుకు తిరిగాక విడదీస్తే కాయకి రెండు గింజలు. కొమ్మ నాటినా బతుకుతుంది. ఎండ బాగా తగిలేచోట, నీళ్లు నిలవని చోట పెట్టండి. పూత అయిపోయాక కొమ్మలు కత్తిరిస్తే మరుసటేడు కొత్త చిగుళ్ల మీద గుబురుగా పూస్తుంది. మెట్టుకి, అరుగుకి దగ్గరగా నాటుకోండి. కూర్చోవడానికి చోటు ఉండాలి.