కణితి చెప్పనిది పక్క కాలేయం చెప్పింది

కాలేయ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేశాక రోగి ఎంతకాలం బతుకుతాడో అంచనా వేయాలంటే ఎవరి చూపైనా ముందు తీసేసిన కణితి మీదికే పోతుంది. యుజిన్ హోషిదా, టాడ్ గోలుబ్ తదితరులు 2008లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన పరిశోధన ఆ చూపును పక్కకు మళ్లించింది.

ముందు ముడిసరుకు సంగతి. ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో ఆర్‌ఎన్‌ఏను కొలిస్తే తెలుస్తుంది. అందుకు మామూలుగా తాజాగా గడ్డకట్టించి దాచిన కణజాలం కావాలి. అది దొరకడం అరుదు. ఆస్పత్రి బీరువాల్లో మాత్రం ఫార్మలిన్‌లో నానబెట్టి మైనంలో పోతపోసిన ముక్కలు ఏళ్ల తరబడి పడి ఉంటాయి. ఆ రోగులకు తర్వాత ఏమైందో రికార్డుల్లోనే ఉంటుంది. చిక్కల్లా, ఫార్మలిన్ పాలైన ఆర్‌ఎన్‌ఏ తునాతునకలైపోతుంది. అందుకే పొట్టి తునకలనైనా గుర్తుపట్టగల పద్ధతిని ఎంచుకుని, సుమారు 6,000 జన్యువులను కొలిచారు. కొన్ని దిమ్మెల వయసు 24 ఏళ్లు దాటినా, నమూనాల్లో 90 శాతం పనికొచ్చాయి.

కణితుల్లో ఆయుష్షు జాడ వెతికితే దొరకలేదు. ఆ మాట దాచకుండా రాశారు. చుట్టూ ఉన్న కాలేయంలో వెతికితే కనిపించింది. 82 మంది జపాన్ రోగుల నమూనాల నుంచి 186 జన్యువుల జాబితా తేలింది. వాటిలో 73 చురుగ్గా ఉంటే ముప్పు. వాపు ప్రక్రియకు చెందినవి వీటిలో ఉన్నాయి. మిగిలిన 113 చురుగ్గా ఉంటే మేలు. రక్తంలోని ప్రొటీన్ల తయారీలాంటి కాలేయపు రోజువారీ పనులకు చెందినవి వీటిలో కనిపిస్తాయి. అంతటితో మురిసిపోకుండా, ఆ జాబితాను అమెరికా, యూరప్‌లకు చెందిన మరో 225 మంది మీద పరీక్షించారు. నిజంగా సంబంధమేమీ లేకపోయినా ఇంతటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశాన్ని చెప్పే పి విలువ 0.04. బొటాబొటి గెలుపే, కానీ వేరే ఖండాల రోగుల్లో గెలిచింది.

కారణం ఆలోచిస్తే సబబే. ఆపరేషన్ అయిన రెండేళ్లలోపు తిరగబెట్టేది ఎక్కువగా పాత క్యాన్సర్ మిగులే. ఆలస్యంగా వచ్చేది చాలావరకు సిర్రోసిస్‌తో, అంటే మచ్చలు కట్టి, చెడిన కాలేయంలో కొత్తగా పుట్టేది. కలుపు పీకినా నేల అదే కదా!

2013లో హెపటైటిస్ సి వల్ల సిర్రోసిస్ తొలిదశలో ఉన్న 216 మందిలోనూ ఈ జాబితా క్యాన్సర్ ముప్పును పసిగట్టింది. తర్వాత దాన్ని 32 జన్యువులకు కుదించారు. క్యాన్సర్ రాకముందే ఎవరిని దగ్గరగా కనిపెట్టి ఉండాలో చెప్పగలిగే పరీక్షకు పాత మైనపు దిమ్మెలే దారి చూపాయి.