విల్లెన్‌డార్ఫు ప్రతిమ : పేరు తెచ్చిన చిక్కు

1908వ సంవత్సరమున ఆస్ట్రియా దేశమందు, డాన్యూబు తీరమునగల విల్లెన్‌డార్ఫు గ్రామమున 11 సెంటీమీటర్ల శిలాప్రతిమ యొకటి బయల్పడినది. నేడది వియన్నా ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో నున్నది. సుమారు 30,000 ఏండ్లనాటి ఈ స్త్రీమూర్తికి 'వీనస్' అని పేరిడిరి. చిక్కంతయు ఆ పేరుతోనే వచ్చినది.

వీనస్ రోమకుల ప్రణయదేవత. ఆ మాట వినగానే మీలోస్ ద్వీపమున 1820లో దొరకిన పాలరాతి విగ్రహము స్ఫురించును. దాని ప్రక్కన నిలిపి చూచినచో ఈ ప్రతిమ వికృతముగ తోచుటలో వింతలేదు. 'నిలిపి' అంటిని గాని, నిజమున కిది నిలువదు, పాదములే లేవు. ముఖమును లేదు. తలచుట్టును వరుసలు మాత్రము కలవు. అవి జడలో, అల్లిన టోపీయో చెప్పుట కష్టము. ఆ వరుసల నంత ఓర్పుతో చెక్కినవానికి కన్నులు, ముక్కు చెక్కుట చేతకాలేదనుట పొసగదు.

ఇది పీఠముపై నుంచి చూచుటకు గాక, చేతబట్టుకొనుటకు చేసినదని నా యభిప్రాయము. 2008లో జర్మనీయందలి హోలెఫెల్స్ గుహలో దొరకిన, ఇంతకంటె ప్రాచీనమైన మామత్ దంతపు ప్రతిమకు తలకు మారుగా చిన్న వలయమున్నది. త్రాట గ్రుచ్చి ధరించుటకే కావలయును. విల్లెన్‌డార్ఫు ప్రతిమ రాయి ఉత్తర ఇటలీదై యుండుటకే అవకాశ మెక్కువయని 2022లో వెలువడిన పరిశోధన తెల్పుచున్నది. అట్లైనచో రాయిగానో, రూపముగానో అది అంతదూరము మనుష్యుల చేతులలోనే వచ్చినది.

ప్రతిమపై ఎఱ్ఱమట్టిపూత జాడలున్నవి. అది దేవతార్చనకు గుఱుతని కొందఱందురు. పూతనుబట్టి పూజను ఊహింపవచ్చునే గాని నిరూపింపరాదు.