ఎక్స్, వేలాండు: ఒక తులనాత్మక పరిశీలన

కంప్యూటరు తెరమీద ఒక విండోను మరియొక విండో కప్పినప్పుడు, క్రింద మరుగుపడిన బొమ్మ ఎక్కడికి పోవును? ఈ ప్రశ్నను నేను ఏటేట డిగ్రీ మొదటి సంవత్సరపు తరగతిలో అడుగుచుందును. "క్రిందనే ఉంటుంది గదండీ" అని పిల్లలందురు. బల్లమీద పరచిన కాగితములవలె కనబడుటచేత అట్లు తోచుట సహజమే. కాని లినక్సు మొదలగు యునిక్సు జాతి యంత్రములలో మూడు దశాబ్దములకు పైగా రాజ్యమేలిన ఎక్స్ విండో వ్యవస్థలో సాధారణముగా ఆ బొమ్మ ఎక్కడను ఉండెడిది కాదు. పై విండో తొలగగానే ఎక్స్ సర్వరు క్రింది ప్రోగ్రామునకు "నీ భాగము బయటపడినది, మరల గీయుము" అని కబురు పంపెడిది.

ఇది తెలియక చేసిన తప్పు కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1984లో బాబ్ షైఫ్లర్, జిమ్ గెటిస్ ఎక్స్‌ను ప్రారంభించిరి. నలుపు తెలుపుల తెరమీద పది లక్షల బిందువులున్నవనుకొందము. బిందువునకొక బిట్టు చొప్పున 1,25,000 బైట్లగును. యంత్రము మొత్తమునకే కొద్ది మెగాబైట్ల మెమరీ ఉన్న రోజులవి. ప్రతి విండోకు ఒక నకలు దాచుట దుబారాయే. నేటి సాధారణమైన తెరమీద 1920 నిలువు వరుసలు, 1080 అడ్డు వరుసలు, బిందువునకు 4 బైట్లు. హెచ్చవేయగా సుమారు 83 లక్షల బైట్లు. ఇట్టి నకళ్లు పది దాచినను 8 గిగాబైట్ల యంత్రములో అది నూటికి ఒక పాలు మాత్రమే. నాడు దుబారాయైనది నేడు లెక్కలోనికి రాదు.

2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ప్రారంభించిన వేలాండు ఈ క్రొత్త లెక్కమీదనే నిలిచినది. ఇందు ప్రతి ప్రోగ్రాము తన బొమ్మను తన మెమరీలోనే పూర్తిగా గీసికొని కంపోజిటరు అను ఏర్పాటునకు అప్పగించును. అది అన్ని బొమ్మలను కూర్చి తెరకు పంపును. ఎక్స్‌లోను 2004 నుండి ఇట్టి కంపోజిటరును తగిలించిరి గాని, అచ్చట బొమ్మ ప్రోగ్రామునుండి సర్వరునకు, సర్వరునుండి కంపోజిటరునకు, మరల సర్వరునకు పోయి అటుపిమ్మట తెరకెక్కవలెను. పొరుగింటికి వ్రాసిన ఉత్తరము పట్టణపు తపాలా కార్యాలయము చుట్టి వచ్చినట్లున్నది! వేలాండులో సర్వరు, కంపోజిటరు ఒక్కటే. తెర సెకనునకు 60 మారులు మారుచుండగా, సగము గీసిన బొమ్మ కంటబడకుండ చూచుట దాని మూలనియమములలో ఒకటి.

వేలాండునకు నేను అన్నిటికంటె ఎక్కువ మార్కులు వేయునది భద్రత విషయమున. ఎక్స్‌తో నడచు యంత్రముమీద ఎక్స్‌ఇన్‌పుట్ అను చిన్న ప్రోగ్రామును ఒక విండోలో నడిపి, ప్రక్క విండోలో సంకేతపదము టైపు చేయించితిని. 'ఎ' మీటకు 38 అను సంఖ్య, తక్కిన మీటలకు వాటి వాటి సంఖ్యలు మొదటి విండోలో వరుసగా పడెను. తరగతి నిశ్శబ్దమైపోయినది. అందరు నమ్మకస్థులే యని తలచి కట్టిన ఇల్లది, గదులకు గడియలు లేవు. వేలాండులో ఏ విండో మీటలు ఆ విండోకే చేరును.

ఇక లోపములు. ఎక్స్ పుట్టుకతోనే నెట్‌వర్కుమీద నడచునది. కొన్ని సంవత్సరముల క్రిందట మా ప్రయోగశాలలో పాతబడిన యంత్రములనన్నిటిని ఒక్క మంచి యంత్రమునకు తగిలించి, దాని ప్రోగ్రాములను వీటి తెరలమీద చూపుచు రెండేండ్లు గడిపితిమి. ఆ సౌకర్యమును వేలాండు తన పరిధినుండి తొలగించినది. వేపైప్ వంటి సాధనములు తరువాత వచ్చినవి. నేటి ప్రోగ్రాములు ఎక్స్‌లోను పూర్తి బొమ్మలనే పంపుచున్నవి కనుక పాత లాభము చాలవరకు తగ్గిన మాటయు నిజమే. అయినను బీద కళాశాలల సంగతి వేలాండు కర్తలకు ముందుగా తట్టలేదని నా అభిప్రాయము.

రెండవది ఇంకను గట్టిది. చూపులేనివారికి తెరను చదివి వినిపించు ప్రోగ్రాము ఇతర విండోల మీటలను వినవలెను. దొంగకు మూసిన తలుపు దానికిని మూతపడినది. దానికి వేరుగా ద్వారము తెరచుట చాల ఆలస్యముగ జరిగినది. పైగా ప్రతి కంపోజిటరు కర్తయు ఆ పనిని తనంతట తాను చేసికొనవలసియున్నది. ఎక్స్‌లో ఒకే సర్వరు అందరికి ఉమ్మడి.

మంచి నిర్మాణమే గెలుచుననుకొనరాదు. 1980లలో సన్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్ మొదలగువారు న్యూస్ అను వ్యవస్థను రచించిరి. తెరకు పోస్ట్‌స్క్రిప్టు భాషలో ప్రోగ్రాములనే పంపు ఆ పద్ధతి ఎక్స్‌కంటె అందమైనది. కాని ఎక్స్ మూలరచన అందరికి ఉచితము, న్యూస్ ఒక సంస్థ సొత్తు. కనుక ఎక్స్ నిలిచినది. 2013లో కెనానికల్ సంస్థ వేలాండునకు పోటీగా ప్రకటించిన మిర్ 2017 నాటికి ఆ పోటీని విరమించెను. 2025 సెప్టెంబరులో వెలువడిన గ్నోమ్ 49లో ఎక్స్ సెషనును అలవాటుగా మూసివేసిరి. పాత ప్రోగ్రాములు ఎక్స్‌వేలాండు అను వంతెనమీదుగా నడచుచున్నవి.

మా ప్రయోగశాలలో యంత్రములన్నిటిని వేలాండునకు మార్చితిని, ఒక్కటి తప్ప. అది చూపులేని ఒక విద్యార్థిని కూర్చుండు చోటు. క్రొత్త వ్యవస్థలో చదువరి ప్రోగ్రాము ఆమె మీటలకెల్ల తడబడక బదులు పలికినట్లు ఆమెయే చెప్పువరకు, అందు ఎక్స్ ఉండును.