వ్యాజస్తుతి కాని నింద

17వ శతాబ్దమునఁ బ్రభుత్వధనముతో భద్రాచలాలయమును గట్టించి, తానీషా యేలుబడిలో గోలకొండ చెఱసాలఁ బడిన కంచర్ల గోపన్న, శ్రీరామునకు నగల లెక్కలు చెప్పి నిందించిన కీర్తనను వ్యాజస్తుతి యని బోధించుట సులభము, సమంజసము గాదు. వ్యాజస్తుతియందు నింద పైపూఁత మాత్రమే. ఇచ్చటనో, సీతాలక్ష్మణాదులకుఁ జేయించిన పతకములను బేర్కొని తిట్టిన కవి, తుదకు దెబ్బల బాధయే తన్నట్లు పలికించెనని క్షమాపణము వేఁడెను. పొగడ్తకు క్షమాపణమేల? కావున నింద నిజము, బాధయు నిజము. విశ్వాస మాతని వేదనను మాన్పలేదు. దానిని నిర్భయముగఁ జెప్పుకొనుటకు వినువాని నొసఁగెను. ఆతని చిత్తమును నిలిపిన దదియే. కోపమును బాపమని యడఁచు భక్తి యిట్టి మేలు సేయఁజాలదు. కీర్తనను అలంకారముగా మాత్రమే పఠించుచో, బాధితుని మొఱ విద్యార్థి చెవిఁ బడదు.