‘బ్యానర్ సాగా’ యందలి బలకీర్తి విచారము

యుద్ధక్రీడకు రసవిచార మెందులకని కొందఱు పండితు లడుగవచ్చును. చతురంగమున రసము నెవ్వరు నపేక్షింపరు, నిజమే. కాని యొక క్రీడ తానే కథ చెప్పఁబూని, పాత్రలను నిలిపి, వారి మరణమునకు మనలను శోకింపుమని కోరినపుడు, దాని నియమము లా కథకుఁ దగియున్నవా యని పరీక్షించుట విమర్శకుని పని.

అట్టిది ‘బ్యానర్ సాగా’ యను వీడియో గేము. అమెరికాలోని ఆస్టిన్ నగరమున స్టోయిక్ అను చిన్న సంస్థ దీనిని నిర్మించెను. 2012లో ప్రజలను లక్ష డాలర్లు కోరఁగా 7 లక్షలకు మించి వచ్చినవి. మొదటి భాగము 2014లోను, తక్కినవి 2016, 2018 సంవత్సరములలోను వెలువడినవి. ఇతివృత్తమున నార్స్ పురాణగాథల ఛాయ గలదు. దేవతలు మృతిచెందిరి, సూర్యుఁ డాకసమున నిలిచిపోయెను, డ్రెడ్జ్ అను శిలాకవచధారులు దండెత్తి వచ్చుచున్నారు. రూక్ అను వేఁటకాఁడు తన కూఁతురగు అలెట్‌ను, గ్రామజనమును వెంటఁగొని మంచుదారులఁ బోవుచుండును. కొమ్ములు గల వార్ల్ అను మహాకాయులు తోడుపడుదురు. వారి జాతిలో స్త్రీలు లేరు. ఒకఁడు చచ్చినచో వానికి బదులు వేఱొకఁడు పుట్టఁడు. కరుణకు మూల మిచ్చట నున్నది. చిత్రములు 1959 నాఁటి ‘స్లీపింగ్ బ్యూటీ’ చలనచిత్రమునకు దృశ్యములు దిద్దిన ఐవిండ్ ఎర్ల్ రీతి ననుసరించినవి, మనోహరములు, వానిఁగూర్చి యింతకంటె వ్రాయ నేను అధికారిని గాను.

యుద్ధము గళ్ళపై జరుగును. ప్రతి యోధునకుఁ గవచము, బలము అని ముఖ్యముగా రెండంకెలు. బలమే ప్రాణము, బలమే దెబ్బ. మన బలమునుండి శత్రుకవచమును తీసివేయఁగా మిగిలినదే గాయము. కావున గాయపడినవాఁడు బలహీనముగాఁ గొట్టును. లాఘవమునకు మురియుట వైయాకరణుల జాతిలక్షణ మందురు గాక, ఒకే సంజ్ఞతోఁ బ్రాణమును పరాక్రమమును జెప్పిన యీ లాఘవము మెచ్చఁదగినదే.

దోషము వంతులలో నున్నది. ఏ పక్షమున నెంద ఱున్నను ఇరువురును మాఱి మాఱి యొక్కొక్క యోధునిఁ గదల్పవలెను. మనవా రాఱుగురు, ఎదిరివా రిద్దఱు మిగిలిరేని, మన యాఱుగురును ఒక్కొక్కమాఱు కదలులోపల వారిలోఁ బ్రతివాఁడును మూఁడుమాఱులు కదలును. కనుక బలముడిగిన శత్రువును జంపుటకంటెఁ గొనయూపిరితో విడిచి, వాని వంతును వ్యర్థము చేయుటే నేర్పగుచున్నది. వీరుఁడు శత్రువును గూల్పక, కుంటివానిఁ జేసి నిలుపుకొనుట! కథ వీరమును జెప్పుచుండ నియమము లెక్కలమారితనమును నేర్పుచున్నది. ఇది యనౌచిత్యము. చతురంగమునను వంతులు సమానమే కదా యందురు. కాని చచ్చిన బంటునకు మన మేడ్వము. ఒక్క శత్రువే శేషించినపుడు మాత్రము ఈ నియమము తొలఁగి, మనవారందఱును వరుసగాఁ గదలుదురు. ఈ యపవాదమును జేర్చుటచేత, ఉత్సర్గములోని కొఱఁత కర్తలకును దెలిసినట్లే తోఁచుచున్నది.

కీర్తివిషయమున నీ క్రీడ గెలిచినది. శత్రువధచే లభించు కీర్తితోనే యోధులకుఁ బదోన్నతి. ఆహారము కొనుటయు దానితోనే. ఆహారము లేనిచో వెంటనడచు జనము నశించును. నాయకుఁడు తన వీరులఁ బెంచునా, జనమునకు గింజలు కొనునా? కవి పెక్కు పద్యములఁ జెప్పవలసిన ధర్మసంకటము నిట బేరములోనే యిమిడ్చిరి.

యుద్ధమునఁ బడినవాఁడు సాధారణముగాఁ జావఁడు. కొన్నిదినములు బలము తగ్గియుండును, అంతే. చావులు నాయకుని నిర్ణయములవలన వచ్చును. మొదటి భాగాంతమున బెల్లోవర్ అను డ్రెడ్జ్ నాయకునిపై వెండిబాణము ప్రయోగింపవలసి వచ్చును. తండ్రి వేయునా, కూఁతురు వేయునా? క్రీడించువాఁడే చెప్పవలెను, వేసినవారు మరణింతురు. అంతవఱకు నేర్చిన వంతులెత్తు లేవియు నిచ్చటఁ బనికిరావు.